ఇనుప గుండులో అక్క

ఆమె ముఖం కావాలని ఆమె చెల్లెలి కొడుకు పొద్దున్నే నటేశన్ నగర్‌లోని మా ఇంటి గేటు దగ్గరికి వచ్చాడు. స్కూటర్ దిగలేదు, ఇంజన్ ఆపలేదు.

"సార్, పెద్దమ్మ పోయింది. నిద్రలోనే," అన్నాడు. ఆ మాట నాలోకి దిగేలోపే రెండో మాట అనేశాడు. "ఫోటో కావాల సార్. మీ కాడ ఉంటాదని అమ్మ చెప్పి పంపింది."

మేముండే ఈ తమిళ ఊళ్ళో మనిషి పోతే వీధి మొదట్లో ఫ్లెక్సు కట్టాలి. పైన కన్నీటి అంజలి, మధ్యలో ముఖం, కింద చుట్టాల పేర్లు. పాడె లేచేలోపు అది కట్టకపోతే పట్టించుకునేవాళ్ళు లేని మనిషి పోయినట్టు లెక్క. ఇల్లంతా వెతికితే వాళ్ళకు దొరికింది ఓటరు కార్డు ఒక్కటే. ఫ్లెక్సు షాపతను దాన్ని పెద్దది చేసి చూపిస్తే మసిగుడ్డ ఆరేసినట్టు వచ్చిందట. ఆమె చెల్లెలు చూసి, "ఇది మా అక్క కాదు, తీసెయ్యండిరా," అని ఏడ్చిందట.

"మీరూ పెద్దమ్మా కలిసి అన్ని ఫోటోలు తీసినారు గదా సార్. ఒక్కటన్నా ఉండదా?"

ఫోటోలకేం, సీడీల నిండా ఉన్నాయి. బ్యాట్లు, రాకెట్లు, హాకీ కర్రలు, క్యారమ్ బోర్డులు, కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు. ఆమె ఇంటి అరుగుమీదికి బాగుచేతకు వచ్చిన ప్రతి ఆట సామానుకూ ముందూ వెనకా ఫోటోలున్నాయి. మనిషికే లేవు.

"మధ్యాహ్నం లోపల చెప్తాను బాబూ," అన్నాను. చెబుతున్నప్పుడే నాలో ఒక లెక్క మొదలైంది. ఆమె ముఖం ఉంటే ఒక్క చోటే ఉండాలి.

ఆమె ముత్తియాల్‌పేట మనిషి. అమ్మాయిల బడిలో ఆటల టీచరుగా పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక ఇంటి ముందు అరుగుమీద పాత ఆట సామాన్లు బాగుచేసి అమ్మేది. రాకెట్లకు తీగలు బిగించేది, ఫుట్‌బాళ్ళకు కుట్లు వేసేది, క్యారమ్ బోర్డులకు వలలు మార్చేది. అంగడికి బోర్డు లేదు. అరుగు స్తంభానికి ఒక వలసంచీ వేలాడేది. అందులో బంతి ఉంటే ఆమె ఇంట్లో ఉన్నట్టు, ఖాళీగా ఉంటే బయటికి వెళ్ళినట్టు. వీధి మొత్తానికీ ఆ సంగతి తెలుసు.

బ్యాటును చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తట్టి వినేది. "లోపల చీలిక ఉంటే దగ్గతాది," అనేది. బంతిని చెంపకు ఆనించుకుని కాసేపు కళ్ళు మూసుకునేది. మెడలో ఎప్పుడూ విజిల్ తాడు ఉండేది. విజిల్ ఎప్పుడో పోయింది, దాని స్థానంలో బీరువా తాళాలు వేలాడేవి. ఏ పని చేస్తున్నా మోచేతులు రెండూ పక్కలకు విచ్చుకుని ఉండేవి. ఇరుకు బస్సులో కూడా ఆమె చుట్టూ కాస్త జాగా ఉండేది.

నేను మొదటిసారి వెళ్ళింది మా అమ్మాయికి షటిల్ రాకెట్ కొనడానికి. వేలాడుతున్న వాటిలో తళతళలాడేది ఒకటి చూపించి, ఇది ఇవ్వండి అన్నాను.

"ఆడేది ఎవరు?"

"మా అమ్మాయండి."

"అమ్మాయి యాడ?"

"ఇంట్లో ఉందండి. నేను తీసుకెళ్ళి ఇస్తాను."

"రాకెట్ ఏమన్నా మాత్రా తమ్ముడా, నువ్వు తీసకపోయి మింగించేదానికి? పిల్లని పిలచకరా, పో."

పిలుచుకొచ్చాను. ఆమె పిల్ల మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది, అరచేతిని తన అరచేతికి ఆనించి చూసింది. తళతళలాడేది పక్కన పెట్టేసి, పిడికి నల్లగుడ్డ చుట్టిన పాత రాకెట్ తెచ్చి ఇచ్చింది. పిల్ల ముఖం చిన్నబోయింది. "ఒక్కసారి ఊపు," అంది ఆమె. పిల్ల ఊపింది. ఆ తర్వాత దాన్ని ఇంకెవరికీ ఇవ్వలేదు.

వెళ్ళబోతుంటే అడిగింది, "ఏ ఊరు నీది? మాట సాగతా ఉండాది."

"యానామండి."

"అట్టనా. మాదీ తెలుగే. ఎన్ని తరాల ముందో వచ్చి ఇక్కడే నిలిచిపోయినాం. చదివేది రాదు. నీ మాదిరి సాగదీసేదీ రాదు."

ఆ రోజు నుంచి నేను యానాం తమ్ముణ్ణి, ఆమె నాకు అక్క.

అప్పట్లో నేను నెల్లితోపులో ఒక హార్డ్‌వేర్ గోడౌనులో సరుకు లెక్క చూసేవాణ్ణి. పెద్ద చదువు లేదు. కూడికలూ కొలతలూ సరుకు మధ్య నిలబడి నేర్చుకున్నవి, కంప్యూటరేమో బ్రౌజింగ్ సెంటర్‌లో పక్క కుర్చీవాళ్ళను అడిగి నేర్చుకున్నది. చిన్న డిజిటల్ కెమెరా కొన్నాక, పాత వస్తువుల ఫోటోలు పెట్టి అమ్ముకునే సైట్లు ఉన్నాయని తెలిసింది. అక్క అరుగు గుర్తొచ్చింది. ఆమె కొట్టు గురించి ముత్తియాల్‌పేట దాటితే ఎవరికీ తెలియదు. లోపలి గదిలో బాగుచేసిన సామాను పైకప్పుదాకా పేరుకుని ఉంది.

చెబితే వింది. విని ఒకే ప్రశ్న వేసింది.

"ఇంటర్నెట్లో ఎవరొచ్చి బ్యాటు తట్టి చూస్తారు?"

"ఫోటో చూసి తెలుసుకుంటారక్కా."

"శరి. అయితే తట్టినట్టు ఉండాల ఫోటో."

మొదట ఒక హాకీ కర్రను తీశాను. మంచి వైపు తిప్పి, ఎండ వాలుగా పడేటట్టు పెట్టి, నాకే ముచ్చటేసేలా తీశాను. కెమెరా వెనక ఉన్న ఆ చిన్న తెరలోకి ఆమె ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి చూసింది.

"దెబ్బ యాడ?"

"వెనక్కి తిప్పి పెట్టానక్కా. కనపడదు."

"పెళ్ళిచూపులకా కూర్చోబెట్టినావు దీన్ని? తిప్పు. దెబ్బ ముందు, అందం అప్పురం."

ఆ తర్వాత మా పద్ధతి అదే. ఏ వస్తువైనా మొదటి ఫోటో దాని దెబ్బది. చీలిక, అతుకు, కుట్టు, రంగు పోయిన చోటు. రెండో ఫోటో నుంచే మిగతా ఒళ్ళు. నావంతుగా ప్రతి ఫోటోలో వస్తువు పక్కన నా స్టీలు స్కేలు పెట్టేవాణ్ణి. కొనేవాడికి సైజు తెలియాలి కదా. "స్కేలు లేకపోతే నీకు అన్నం కూడా దిగదు," అని నవ్వేది. కానీ ఎప్పుడైనా నేను మరిచిపోతే తనే గుర్తుచేసేది.

కింద రాయాల్సిన మాటలు ఆమె తెలుగులో చెప్పేది, నేను ఇంగ్లీషులో పెట్టేవాణ్ణి. "కుడి మూల విరిగింది. మేమే అతికినాం. ఆడితే నిలబడతాది. గోడకి తగిలించుకునేవాళ్ళు అడగవద్దు."

ఆ చివరి మాటకు ఒక కారణం ఉంది. సముద్రం వైపు వీధుల్లో పాత భవనాన్ని హోటలు చేసిన ఒకాయన కారేసుకుని వచ్చాడు. పాత చెక్క టెన్నిస్ రాకెట్లన్నీ ఒకేసారి కావాలన్నాడు. వచ్చే పోయే జనం చూసేలా భోజనాల గది గోడ నిండా పెడతాడట. ఆమె శ్రద్ధగా అంతా విని, "గోడ ఆడతాదా?" అని అడిగింది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన వెళ్ళిపోయాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆమె అప్పటికే ఒక రాకెట్ ఒళ్ళో పెట్టుకుని తీగ బిగిస్తోంది.

కొన్నాళ్ళకే కెమెరా నా చేతిలోంచి ఆమె చేతికి మారింది. చేతులు ముందుకు చాచి, మోచేతులు విప్పి, వేడి పెనం పట్టుకున్నట్టు పట్టుకునేది. ఊపిరి బిగించేది. "కదలొద్దే," అని క్రికెట్ ప్యాడును కూడా గద్దించేది. ప్యాడు కదిలేది కాదు. ఫోటోలు నావాటికంటే నికార్సుగా వచ్చేవి. సముద్రం వైపు నుంచి పొద్దుటి వెలుగు అరుగుమీదికి వచ్చేది. ఆ వెలుగుండగానే పని ముగించాలని తొందరపెట్టేది.

తన ఫోటో మాత్రం తియ్యనిచ్చేది కాదు. కెమెరా ఆమె వైపు తిప్పితే, చేతిలో ఏముంటే అది ముఖానికి అడ్డం వచ్చేది. ఒకసారి రాకెట్ అడ్డం పెట్టింది. తీగల వెనక నుంచి కళ్ళు కనిపిస్తున్నాయి.

"ఒక్కటక్కా. మా అమ్మాయికి చూపిస్తాను."

"అమ్మాయికి నన్నే చూపించు, పిలచకరా. నేను అమ్మకానికి లేను తమ్ముడా."

బడిలో పనిచేసిన రోజుల టీము ఫోటోలు ఆమె గదిలో గోడకు వరసగా ఉండేవి. కప్పులు పట్టుకున్న అమ్మాయిలు, హెడ్‌మిస్ట్రెస్, ఎవరో ముఖ్య అతిథి. ఆమె ఒక్కదానిలోనూ లేదు. "మీరెక్కడక్కా?" అని అడిగాను.

"ఫోటోగ్రాఫర్ పక్కన. నేను ముందర నిలబడితేనే ఆ కోతులు నిటారుగా నిలబడేది."

మళ్ళీ చూశాను. నిజమే. ఏ ఫోటోలోనూ అమ్మాయిలు కెమెరావైపు చూడటం లేదు. అందరి కళ్ళూ కాస్త పక్కకు, ఒకే చోటికి ఉన్నాయి. అందరి వీపులూ గీత గీసినట్టున్నాయి.

ఇక ఆ గుండ్ల సంగతి.

ఈ ఊళ్ళో పెతాంక్ అని ఒక ఆట ఉంది. ఫ్రెంచివాళ్ళు వదిలిపోయింది. మట్టినేల మీద చిన్న చెక్కగోళీ విసిరి, దానికి దగ్గరగా పడేటట్టు ఇనుప గుండ్లు వేయడం. మనిషికి మూడు గుండ్లు ఒక సెట్టు. పక్కవీధిలో ఫ్రెంచి పటాలంలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు తన గుండ్లు తోలుసంచీలో పెట్టుకుని అరుగుమీదికి వచ్చారు. చెయ్యి వణుకుతోంది. సంచీ జిప్పు తీయడానికే ఆయనకు చాలాసేపు పట్టింది. ఆమె సాయం చెయ్యలేదు, ఓపికగా చూస్తూ కూర్చుంది.

"పెట్టెలో పడి ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు," అన్నారు ఆయన తమిళంలో. "నేను కూర్చుని చూడగలిగినప్పుడే ఎవరైనా ఆడేవాడి చేతిలో పెట్టు."

"శరి అన్నా. నా బాధ్యత," అంది ఆమె.

పొద్దున అరుగుమీద తెల్లటి పంచె పరిచి, గుండ్లు పెట్టి, కెమెరా ఎత్తింది. వెంటనే దించింది.

"ఏంది ఇది! నేనుండానే ఇందులో!"

అద్దంలా మెరిసే గుండ్లు. మూడింట్లోనూ చింతగింజంత అక్క, మోచేతులు విప్పి, కెమెరా పట్టుకుని నిలబడి ఉంది. వెనక అరుగు, స్తంభం, వలసంచీ, వీధి, ఆకాశం, అన్నీ వంగి అందులోనే ఉన్నాయి. ఆమె ఎడమకు జరిగింది, గుండులో అక్క కూడా జరిగింది. కూర్చుంది, అక్కడా కూర్చుంది. గొడుగు అడ్డం పెట్టి చూసింది. గుండులో గొడుగు, గొడుగు కింద చీర కుచ్చిళ్ళు. దుప్పటి కట్టి దానికి బెజ్జం చేసి అందులోంచి తీస్తే, తెల్లటి గుండులో ఒక నల్లటి కన్ను. "దయ్యం మాదిరి ఉండాది," అని తుడిపేసింది.

నేను ఇంటికి వెళ్ళి కాగితం మీద గుండ్రం గీసి, దానిమీద వెలుగు పడి తిరిగొచ్చే గీతలు వేసుకుంటూ పోయాను. ఎక్కడ నిలబడితే కనపడమో కనిపెట్టాలని. ఎన్ని గీసినా లెక్క ఒకటే వచ్చింది. కెమెరాకు గుండు కనిపిస్తే గుండుకు కెమెరా కనిపించాల్సిందే. అలాంటి చోటు లేదు.

ఆ మాట చెప్పడానికి మర్నాడు వెళ్ళేసరికి ఆమె ఉపాయం కనిపెట్టి కూర్చుంది. మూడు గుండ్లూ బూడిదరంగులో ఉన్నాయి. మెరుపు లేదు, అక్కా లేదు.

"ఏం చేశారక్కా?"

"పౌడర్ రాస్తే జారిపోయింది. దేవుడి గూట్లో విభూది ఉంటే పూసినాను. ఎట్లా పట్టుకుందో చూడు!" అని చెంపలు వేసుకుంది, నేరం దేవుడికి ముందే చెప్పేసుకుంటున్నట్టు.

ఫోటోలు శుభ్రంగా వచ్చాయి. స్కేలు పక్కన పెట్టి, సైట్లో ఎక్కించాను. కారైకాల్ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి ఆమె ఇంటికి ఫోను చేశాడు. అతను ఆడేవాడే, పెతాంక్ జట్టు కూడా ఉందట. మేమిద్దరం రిసీవరు మధ్యలో పెట్టుకుని విన్నాం.

"అమ్మా, ఇవి ఏ గుడివి?" అన్నాడు తమిళంలో.

"గుడి ఏంది? ఆడుకునే గుండ్లు అయ్యా!"

"విభూది పూసి ఉన్నాయి కదమ్మా. మా అమ్మ చూసింది. పూజ చేసినవి నేలమీద వేసి కొట్టుకుంటారా అని నన్ను తిడుతోంది."

నేను నోరు మూసుకుని నవ్వాపుకుంటున్నాను. ఆమెకూ నవ్వొస్తోంది. "మెరుపు తగ్గడానికి పూసినాము అయ్యా, పూజ లేదు, ఏమీ లేదు," అంది.

అతను మర్యాదగానే అన్నాడు, "అలాగా. మరి బూడిద కింద ఏముందో మాకెలా తెలుస్తుందమ్మా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. మళ్ళీ చేస్తానని చెప్పి ఫోను పెట్టేసింది. అరుగుమీదికి వచ్చి కూర్చుంది. అంతసేపు ఏ పనీ లేకుండా ఆమె చేతులు ఒళ్ళో పడి ఉండటం నేను మళ్ళీ చూడలేదు.

"వాడికేం తెలుసక్కా," అన్నాను. "ఇంకొకడు వస్తాడులెండి."

"వాడు తప్పు మాట అన్లేదు తమ్ముడా. దెబ్బ ముందు, దెబ్బ ముందు అని ఊరంతా చెప్పి, గుండుకి ముసుగేసినాను నేను. దేనికి? నా మూతి కనపడకూడదని." లేచింది. "లోపల శీకాయ పొడి ఉంది, తీసకరా."

గుండ్లు తొట్టి దగ్గర కడిగింది. చీరచెంగుతో తుడిచింది. ఒక గుండు మీద పొడుగ్గా ఒక గీత ఉంది, వేరే గుండు తగిలి పడిన దెబ్బ. విభూదిలో అది పూర్తిగా మునిగిపోయింది. దానిమీద బొటనవేలు నడిపి చూసుకుంది. మూడూ పంచె మీద పెట్టి, గీత ఉన్నదాన్ని ముందుకు జరిపింది.

"నేను తీయనా అక్కా? నేను కనిపిస్తాను, మీరు కనపడరు."

"వేండా. నేను తీస్తేనే నిలకడగా వస్తాది. కనపడితే కనపడతాను. సరుకు దాగకూడదు."

కెమెరా ఎత్తింది. మోచేతులు విప్పింది. ఊపిరి బిగించింది. ఈసారి "కదలొద్దే" అన్నది గుండ్లనో తననో నాకు తెలియదు.

కారైకాల్ అతను ఆ వారంలోనే బస్సులో వచ్చాడు. వలసంచీలో బంతి చూసి ఇదే ఇల్లా అని వీధిలో అడుగుతుంటే ఆమె బయటికి వచ్చింది. అతను ఆమెను చూశాడు, కొద్దిగా వంగి మళ్ళీ చూశాడు.

"గుండులో ఉన్నది మీరే కదమ్మా? గుండులోకంటే పొడుగున్నారు."

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వీధికి వినపడేలా విజిలేసిన మనిషి సిగ్గుపడటం నేను చూసింది అప్పుడే. అది కూడా కాసేపే. వెంటనే పెద్దాయనకు కబురు పంపింది, అతన్ని సందులో మట్టి ఉన్న చోటికి తీసుకెళ్ళి, "విసురు," అంది. పెద్దాయన కర్ర ఊతంగా వచ్చి నిలబడ్డారు. అతను మోకాళ్ళు వంచి, మణికట్టు తిప్పి వేశాడు. గుండు గోళీకి దగ్గరగా వెళ్ళి కూర్చుంది. ఆమె పెద్దాయన వైపు చూసింది. ఆయన తల ఊపారు. "తీసకపో," అంది ఆమె.

ఆ ఫోటోల సీడీ నాకు దొరికింది. కంప్యూటర్లో తెరిచాను. పంచె, స్కేలు, మూడు గుండ్లు. మూడింట్లోనూ ఆమె. కారైకాల్ అతనికి పంపిన తర్వాత మళ్ళీ తెరిచి చూడలేదు నేను. సీడీ జేబులో వేసుకుని బయల్దేరాను.

ఫ్లెక్సు షాపులో ఆమె చెల్లెలూ ఆమె కొడుకూ ఉన్నారు. కంప్యూటర్ ముందు కూర్చున్నతను ముఖం ఉన్న చోటు కత్తిరించి పెద్దది చేశాడు. చతురస్రాలు, చతురస్రాలు, ఇంకేమీ లేదు.

"పగిలిపోతాది సార్," అన్నాడు.

నేను తెరమీద స్కేలు పెట్టి కొలిచాను. అతని మాట నిజమే. ముఖం ఫ్లెక్సు నిండాలంటే ఒక్కో చుక్కా మసాలావడంత అవుతుంది. మళ్ళీ కొలిచాను, ఈసారి ముఖాన్ని కాదు, గుండ్లను. ఫోటో ఏమీ కత్తిరించకుండా మొత్తం వేస్తే, ఒక్కో గుండూ పెద్ద బండిచక్రమంత అవుతుంది. అందులో ఆమె జానెడు వస్తుంది. జానెడు మనిషిని గుర్తుపట్టొచ్చు.

"ఆమెను పెంచొద్దు. గుండ్లను పెంచు," అన్నాను.

"సార్, పెద్దమ్మ పోతే గుండ్లేస్తామా?" కొడుకు గొంతు తగ్గించాడు. "జనం నవ్వరా?"

ఆమె చెల్లెలు కుర్చీ జరుపుకుని తెరకు దగ్గరగా వచ్చింది. వేలు పెట్టి ఒక గుండులో చూపించింది.

"మోచేతులు చూడరా. రెక్కలు విప్పిన మాదిరి. పక్కలో పండుకుంటే నాకు జాగా ఉండేదా చిన్నప్పుడు!" కళ్ళు తుడుచుకుంది. "ఇదే మా అక్క. తనే తీసుకున్న ఫోటో. మనం దొంగతనంగా తీసింది కాదు. నవ్వితే నవ్వనీ."

షాపతను సరేనన్నాడు. ముందు గుండు మీద గీత చూపించి, "ఇది తీసేయనా సార్? ఒక్క నిమిషం పని," అన్నాడు.

"వద్దు," అన్నాం నేనూ ఆమె చెల్లెలూ ఒకేసారి.

మధ్యాహ్నం వీధి మొదట్లో ఫ్లెక్సు లేచింది. కన్నీటి అంజలి, కింద మూడు ఇనుప గుండ్లు, వాటి పక్కన నా స్టీలు స్కేలు. అలవాటులో నేనూ చూసుకోలేదు. ఎదురుగా టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ తల ఎత్తాడు.

"ఏంది సార్ ఇది? ఎవురో పోతే గుండ్లేసినారు? గుండ్లు పోయినాయా?"

బెంచీ మీద ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళలో ఒకడు లేచి ఫ్లెక్సు దగ్గరికి వెళ్ళాడు. వంగాడు. ఇంకొంచెం వంగాడు. "రేయ్, ఇటు రా," అని పిలిచాడు. మరొకడు వెళ్ళాడు. స్కూటర్ మీద వెళ్ళే ఒకామె బండి పక్కకు తీసి ఆపి, దిగి వచ్చి చూసి, చేత్తో నోరు మూసుకుంది. ఎప్పుడో ఆమె టీములో ఆడిన పిల్లేమో.

టీ కొట్టాయన చేతులు తుడుచుకుని తనూ వెళ్ళాడు. ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి చూశాడు.

"అరె, అక్క! కెమెరా పట్టుకోని మనల్నే తీస్తా ఉండాది గదా!"

ఆ మాట అంటూనే నిటారుగా నిలబడి, చొక్కా గుండీ పెట్టుకున్నాడు.